ప్లీడరు కావాలా అంటే ‘వద్దండి’ అనకండి: డబ్బు లేని ముద్దాయికి ఉచితంగా వకీలు దొరికే దారి, మొదటి రాత్రి నుంచి అప్పీలు దాకా

రాత్రి తొమ్మిదిన్నర దాటింది. మేజిస్ట్రేటు గారి ఇంటి వరండాలో ట్యూబులైటు కింద ఒకతన్ని నిలబెట్టారు. రొయ్యల చెరువు మీద కాపలా మనిషి. పిక్కల దాకా చెరువు మట్టి ఎండిపోయి తెల్లగా పొరలు కట్టింది. కాళ్ళకు చెప్పుల్లేవు. ఏరియేటరు మోటారు పోయిందని చెరువు ఆసామి ఫిర్యాదు ఇచ్చాడు. అయ్యగారు రిమాండు కాగితాలు చదివి, అడగాల్సినవన్నీ అడిగారు. పోలీసులు కొట్టారా? లేదండి. ఎందుకు పట్టుకున్నారో చెప్పారా? చెప్పారండి. ప్లీడర్ని పెట్టుకున్నావా? లేదండి. కావాలా?

అతను కాసేపు నేల చూసి, “వద్దండి” అన్నాడు.

బెంచి క్లర్కుగా ఆ మాట కాగితం మీద పెట్టింది నేనే. సంతకం రాదంటే వేలిముద్ర వేయించుకున్నాం. జీపు ఎక్కబోతూ నా వైపు తిరిగి మెల్లిగా అడిగాడు: “ప్లీడరంటే ఎంతవుద్దండి బాబూ? ఐదేలవుద్దా?”

అతను వద్దన్నది ప్లీడర్ని కాదు, ఖర్చుని. ఆ ముక్క నేను అప్పుడే లోపలికెళ్ళి అయ్యగారితో చెప్పాల్సింది. చెప్పలేదు. నలభై మూడు రోజులు సబ్‌జైల్లో ఉన్నాడా మనిషి. మొదటి వారంలోనే బెయిలు రావాల్సిన కేసు అది. బెయిలు పిటిషను వేసే దిక్కు లేక అన్ని రోజులు పట్టింది. ఉద్యోగం నుంచి దిగిపోయాక కూడా ఆ ఎండిన మట్టి కాళ్ళు నా కళ్ళ ముందు నుంచి పోలేదు. ఇంట్లో ఎవరినైనా పోలీసులు తీసుకెళ్ళి, చేతిలో డబ్బు లేక దిక్కుతోచక కూర్చున్న కుటుంబాల కోసం ఇది రాస్తున్నాను. ఏ రోజు ఏం చెయ్యాలో వరసగా చెబుతాను.

అన్నిటికన్నా ముందు ఒక్క వాక్యం

పెద్దవాళ్ళకూ, చదువు రానివాళ్ళకూ కూడా ఇది కంఠతా రావాలి: “నాకు ప్లీడర్ని పెట్టుకునే స్తోమత లేదండి. ప్రభుత్వ ఖర్చుతో నాకో ప్లీడర్ని ఇప్పించండి.”

స్టేషన్లో అడిగినా, మేజిస్ట్రేటు గారు అడిగినా, జైల్లో అడిగినా ఇదే జవాబు. వద్దు, తర్వాత చూస్తాను, మా బావగారు చూసుకుంటారు అనే మాటలు అప్పటికి బాగానే ఉంటాయి. కాగితం మీదికి ఎక్కాక మాత్రం ‘న్యాయ సహాయం నిరాకరించాడు’ అనే ఒక్క ముక్కగా మారిపోతాయి.

ఇంకో అపోహ కూడా ఇక్కడే తీర్చేస్తాను. కోర్టులో అందరూ పీపీ గారు అని పిలిచే పబ్లిక్ ప్రాసిక్యూటరు ముద్దాయి తరఫు మనిషి కాదు, పోలీసుల కేసు నడిపే వకీలు. ‘ప్రభుత్వ ప్లీడరు’ అనే మాట విని ఆయన దగ్గరికెళ్ళి గోడంతా చెప్పుకున్న ఆడవాళ్ళని నేను చూశాను. మీకు కావలసింది న్యాయ సేవాధికార సంస్థ, అంటే లీగల్ ఎయిడ్ ఆఫీసు, ఇచ్చే ప్లీడరు. ఆయనకి డబ్బు ప్రభుత్వం ఇస్తుంది, పని మాత్రం మీది చేస్తారు. మీరు చెప్పింది ఆయన పోలీసులకు చెప్పకూడదు.

ఇది దానం కాదు

చాలామంది చేతులు కట్టుకుని, తల వంచుకుని అడుగుతారు. ఆ అవసరం లేదు. 1951లో తెలంగాణ సాయుధ పోరాట కాలపు కేసుల్లో మరణశిక్ష పడ్డ రైతులు సుప్రీంకోర్టుకు వెళ్ళి, మాకు వకీలే లేకుండా విచారణ చేశారని మొరపెట్టుకున్నారు. వకీలు లేనంత మాత్రాన విచారణ చెల్లకుండా పోదని అప్పుడు కోర్టు తేల్చింది. జనార్దనరెడ్డి కేసు అంటారు దాన్ని. అక్కణ్ణుంచి దారి మారడానికి ముప్ఫై ఏళ్ళు పట్టింది. 1976లో 42వ సవరణతో, పేదలకు ఉచిత న్యాయ సహాయం అందేలా ప్రభుత్వం చూడాలనే 39ఎ అధికరణం రాజ్యాంగంలో చేరింది. బీహారు జైళ్ళలో విచారణ ఖైదీల గురించి 1979లో వచ్చిన హుస్సేనారా ఖాతూన్ కేసులో, పేద ముద్దాయికి ఉచిత న్యాయ సహాయం ప్రాణానికీ స్వేచ్ఛకీ రక్షణ ఇచ్చే 21వ అధికరణం కిందికి వచ్చే హక్కేనని సుప్రీంకోర్టు చెప్పింది. 1980 చివర్లో ఖత్రీ కేసులో, ప్లీడర్ని అడిగే హక్కు నీకుందని ముద్దాయికి చెప్పాల్సిన బాధ్యత మేజిస్ట్రేటుదేనంది. 1986లో సుఖ్ దాస్ అనే అరుణాచల్ ప్రదేశ్ ఉద్యోగి కేసులోనైతే, అతను నోరు తెరిచి అడగకపోయినా సరే, ప్లీడరు లేకుండా పడిన శిక్ష చెల్లదని కొట్టేసింది.

ఈ హక్కుని ఊరూరా నడిపే చట్టం న్యాయ సేవాధికార సంస్థల చట్టం, 1987. అమల్లోకి వచ్చింది 1995 నవంబరు 9న.

ఎవరికి ఇస్తారు

అరెస్టయి కస్టడీలో ఉన్న ఎవరికైనా ఇస్తారు. ఆదాయం అడగరు, కులం అడగరు. ఇది బాగా గుర్తుంచుకోండి, ఎందుకంటే ఆదాయ ధ్రువపత్రం తెమ్మని ఎవరో చెప్పారని తహసీల్దారు ఆఫీసు చుట్టూ నాలుగు రోజులు తిరిగినవాళ్ళున్నారు. మనిషి లోపల ఉంటే ఆ పత్రం అక్కర్లేదు.

బయట ఉండి కేసు ఎదుర్కొంటున్నవాళ్ళలో ఆడవాళ్ళకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, దివ్యాంగులకు, వరదల్లాంటి విపత్తుల బాధితులకు ఆదాయంతో పని లేదు. మిగతావాళ్ళకు మన ఆంధ్రప్రదేశ్‌లో ఆదాయం ఏడాదికి 3 లక్షల లోపు ఉంటే చాలు. దానికీ మీరు సంతకం చేసిన ప్రమాణ పత్రం సరిపోతుంది, అందులో ఉన్నది అబద్ధమని అనుమానించడానికి కారణం ఉంటే తప్ప. కౌలు రైతులు, వలకెళ్ళే వాళ్ళు, కొబ్బరి దింపు కూలీలు, చెరువుల మీద పనివాళ్ళలో చాలామంది ఈ లెక్కలోకే వస్తారు. ఆదాయం తక్కువ చేసి మాత్రం రాయకండి, తర్వాత బయటపడితే ఇచ్చిన ప్లీడర్ని తీసేస్తారు.

మొదటి మెట్టు: స్టేషన్లో ఉన్న గంటలు

2024 జూలై 1 నుంచి అరెస్టు, విచారణ పద్ధతులు చెప్పే పాత సీఆర్‌పీసీ చట్టం బదులు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత నడుస్తోంది. సెక్షన్ల నంబర్లు మారాయి, హక్కులు దాదాపు అవే. ఎందుకు అరెస్టు చేస్తున్నారో పోలీసులు చెప్పాలి, అది 47వ సెక్షను. ఇంట్లోవాళ్ళకో, ముద్దాయి చెప్పిన మనిషికో కబురు పెట్టాలి, అది 48. విచారించేటప్పుడు ప్లీడర్ని కలవనివ్వాలి, అది 38. ఆసాంతం పక్కన కూర్చోనివ్వకపోవచ్చు గానీ కలవనివ్వాల్సిందే. దారి ప్రయాణం పోగా 24 గంటల లోపల మేజిస్ట్రేటు ముందు పెట్టాలి, అది 58. డాక్టరు పరీక్ష చెయ్యాలి, అది 53. ఒంటి మీద దెబ్బలుంటే ఆ డాక్టరుకే చూపించి చెప్పాలి. రెండ్రోజులు పోయాక చెబితే రుజువు కష్టం.

ఈ గంటల్లో కుటుంబం చెయ్యాల్సిన పని ఒకటే: 15100కి ఫోను చెయ్యడం. జాతీయ న్యాయ సేవాధికార సంస్థ హెల్ప్‌లైను అది. ఎవరిని, ఏ స్టేషనుకు, ఎన్నింటికి తీసుకెళ్ళారు అని చెప్పి ప్లీడరు కావాలని అడగండి. లంక ఊళ్ళలో ఉండేవాళ్ళకు పంటు దాటి, ఆటో ఎక్కి, పట్నం చేరేసరికి పొద్దు వాలుతుంది. ఫోను ముందు చేసి ఆ తర్వాత బయల్దేరండి. అరెస్టుకు ముందూ, అరెస్టప్పుడూ, రిమాండప్పుడూ ప్లీడర్ని ఇవ్వడానికి న్యాయ సేవాధికార సంస్థలకు 2019 నుంచి ప్రత్యేక విధానమే ఉంది.

లోపల ఉన్న మనిషి చెయ్యాల్సిన పని కూడా ఒకటే: తెల్ల కాగితం మీద సంతకం పెట్టకపోవడం. దర్యాప్తులో పోలీసులకు చెప్పిన వాంగ్మూలం మీద సంతకం పెట్టాల్సిన పనే లేదని చట్టం చెబుతోంది. పోలీసుల ముందు నేరం ఒప్పుకున్నట్టు రాసుకున్నది ముద్దాయి మీద సాక్ష్యంగా చెల్లదు కూడా. అయితే అతను చూపించిన చోట వస్తువు దొరికితే ఆ మేరకు చెల్లుతుంది. అరెస్టు మెమో మీద సంతకం వేరు, అది పెట్టొచ్చు. కానీ అందులో తేదీ, టైము నిజమైనవేనా అని చూసుకోవాలి. పొద్దున్న తీసుకెళ్ళి సాయంత్రం అరెస్టు చేసినట్టు రాస్తే ఆ 24 గంటల లెక్క మారిపోతుంది.

అరెస్టు చెయ్యకుండా, ఫలానా రోజు విచారణకు రమ్మనే 35(3) నోటీసు ఇచ్చి పంపిస్తే ‘హమ్మయ్య’ అనుకుని ఊరుకోకండి. ఏడేళ్ళ లోపు శిక్ష పడే నేరాల్లో మామూలుగా అలాగే చేస్తారు. చెప్పిన రోజుకు వెళ్ళకపోతే అదే అరెస్టుకు కారణం అవుతుంది. నోటీసు పట్టుకుని ముందు న్యాయ సేవాధికార సంస్థకు వెళ్ళి, తర్వాత స్టేషనుకు వెళ్ళండి.

రెండో మెట్టు: రిమాండు

నా అనుభవంలో పేదవాడి కేసు సగం చెడేది ఇక్కడే. కాగితాలు పెట్టి పంపడానికి పది నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాల్లో ఎవరూ మాట్లాడకపోతే మనిషి పధ్నాలుగు రోజులు జైలుకు పోతాడు.

2012లో, ముంబయి దాడుల్లో పట్టుబడ్డ కసబ్ కేసు తీర్పులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: మేజిస్ట్రేటు ముందు మొదటిసారి నిలబెట్టినప్పుడే ప్లీడరు హక్కు మొదలవుతుంది. ముద్దాయి తనంతట తాను, ఇష్టపూర్వకంగా వద్దంటే తప్ప ఇవ్వాల్సిందే. హక్కు సంగతి చెప్పకపోతే ఆ మేజిస్ట్రేటు మీద శాఖాపరమైన చర్యకు కూడా అవకాశముంది. దేశమంతా అసహ్యించుకున్న మనిషికే ఆ హక్కు ఉన్నప్పుడు చెరువు కాపలావాడికి లేకుండా పోతుందా?

కాబట్టి మేజిస్ట్రేటు గారు అడిగినా అడగకపోయినా పైన రాసిన వాక్యం గట్టిగా చెప్పాలి. కోర్టులకు రిమాండు అడ్వకేట్లని ముందే కేటాయించి ఉంచుతారు. సెలవు రోజైనా, రాత్రి వేళ ఇంటి దగ్గర రిమాండైనా వాళ్ళని పిలిపించమని అడగొచ్చు. ఆ ప్లీడరు వచ్చాక గబగబా మూడు సంగతులు చెప్పాలి: నిజంగా ఎప్పుడు పట్టుకున్నారు, ఒంటి మీద దెబ్బలున్నాయా, జబ్బులు గానీ మందులు గానీ ఉన్నాయా. షుగరు మాత్రల సంగతి చెప్పక జైల్లో పడిపోయిన మనుషులున్నారు.

పోలీసులు పెట్టింది బెయిలబుల్ కేసయితే బెయిలు హక్కుగా వస్తుంది. జామీను, అంటే పూచీ పడే మనిషిని, ఇవ్వలేని పేదవాడైతే సొంత పూచీకత్తు మీద వదలాలని 478వ సెక్షను చెబుతోంది. వారం లోపల జామీను తెచ్చుకోలేకపోతే పేదవాడనే లెక్క.

ఇక్కడో పక్క మాట. సంక్రాంతి వెళ్ళాక మా కోర్టులు కోడిపందాల కేసులతో, పేకాట కేసులతో నిండిపోయేవి. కుర్రాళ్ళు గుంపుగా వచ్చి ‘ఒప్పేసుకుని జరిమానా కట్టేస్తాం, పనులున్నాయి’ అనేవాళ్ళు. ఒప్పుకోవడమంటే నేరం రుజువైనట్టే, రికార్డులో శిక్ష ఉంటుంది. కోనసీమలో ఏ ఇంట చూసినా గల్ఫుకు వెళ్ళేవాడో, వెళ్ళాలనుకునేవాడో ఉంటాడు. రేపు ఉద్యోగానికో వీసాకో పోలీసు రికార్డు అడిగినప్పుడు ఆ జరిమానా ఎంత బరువో తెలుస్తుంది. ఎంత చిన్న కేసైనా ప్లీడరుతో ఒక్కసారి మాట్లాడకుండా ‘ఒప్పుకుంటున్నాను’ అనొద్దు. అడిగితే ఆ ప్లీడర్ని కూడా ఉచితంగానే ఇస్తారు.

మూడో మెట్టు: దరఖాస్తు ఎక్కడ, ఎలా

రిమాండు రోజు ప్లీడరు దొరకకపోతే మర్నాడు పొద్దున్నే కుటుంబం వెళ్ళాలి. ఎక్కడికి? 2022 ఏప్రిల్లో జిల్లాలు విడిపోయాక ఇది చాలామందిని తికమక పెడుతోంది. కలెక్టరాఫీసు అమలాపురంలోనో, కాకినాడలోనో, భీమవరంలోనో ఉండొచ్చు. కోర్టుల లెక్క పాత ఉమ్మడి జిల్లాలదే. తూర్పు గోదావరి వైపు వాళ్ళకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ రాజమహేంద్రవరంలో, పశ్చిమ గోదావరి వైపు వాళ్ళకు ఏలూరులో, జిల్లా కోర్టు ఆవరణల్లో ఉంటుంది. అంత దూరం పోనక్కర్లేదు. అమలాపురం, రాజోలు, నరసాపురం, భీమవరం, తణుకు లాంటి కోర్టు ఊళ్ళలో మండల న్యాయ సేవాధికార కమిటీ ఉంటుంది. మీ మనిషిని ఏ కోర్టులో పెట్టారో ఆ ఊరి కమిటీకే వెళ్ళండి. గేటు దగ్గర ‘లీగల్ ఎయిడ్ ఆఫీసు ఎక్కడండీ’ అంటే ఎవరైనా చూపిస్తారు. ‘నేను ఇప్పిస్తా రండి’ అంటూ వెంటపడేవాళ్ళని మాత్రం పట్టించుకోకండి.

దరఖాస్తు తెలుగులోనే రాయొచ్చు. రాయడం రాకపోతే నోటితో చెప్పినా రాసుకోవాలి. నేను రాసిచ్చే తీరు ఇది:

“కార్యదర్శి గారికి. నా భర్త (పేరు, వయసు, ఊరు) ని (తేదీ) న (స్టేషను పేరు) పోలీసులు అరెస్టు చేసి, క్రైం నంబరు (…) లో (కోర్టు పేరు) లో హాజరుపరిచారు. ప్రస్తుతం (జైలు పేరు) లో ఉన్నారు. ప్లీడర్ని పెట్టుకునే స్తోమత మాకు లేదు. న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షను ప్రకారం కస్టడీలో ఉన్న మనిషిగా ఆయనకు ప్లీడర్ని నియమించి, బెయిలు పిటిషను వేయించవలసిందిగా కోరుతున్నాను. ఇట్లు, (పేరు, సంతకం లేదా ఎడమ బొటనవేలి ముద్ర, ఫోను నంబరు).”

దీనికి మీ ఆధారు జిరాక్సు, దొరికితే ఎఫ్ఐఆర్ కాపీ జత చెయ్యండి. క్రైం నంబరు తెలియకపోయినా ఆగిపోకండి, స్టేషను పేరూ తేదీ ఉంటే వాళ్ళు తీసుకోగలరు. మామూలు కేసుల్లో ఎఫ్ఐఆర్‌ని పోలీసులు 24 గంటల్లో వెబ్‌సైట్లో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది, నెట్ సెంటరు కుర్రాణ్ణి అడిగితే తీసిస్తాడు. రెండు కాపీలు రాసి, ఒకదాని మీద అందినట్టు తేదీ వేయించుకుని మీ దగ్గర ఉంచుకోండి. ఆ తేదీకి విలువుంది: దరఖాస్తు మీద నిర్ణయం వెంటనే, ఎంత ఆలస్యమైనా ఏడు రోజుల్లో చెయ్యాలని నిబంధన. కాదంటే ఆ సంస్థ చైర్మన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. జిల్లాలో చైర్మన్ అంటే జిల్లా జడ్జి గారే.

మనిషి జైల్లోకి వెళ్ళిపోతే

సబ్‌జైలైనా రాజమహేంద్రవరం సెంట్రల్ జైలైనా లీగల్ ఎయిడ్ క్లినిక్ ఉంటుంది. ప్లీడర్లు, న్యాయ సాయంలో శిక్షణ పొందిన పారా లీగల్ వాలంటీర్లు వస్తుంటారు. ములాఖత్‌కు వెళ్ళినప్పుడు మీ మనిషికి ఇదే చెప్పండి: జైలరు గారికి ‘నాకు ప్లీడరు లేడు’ అని చెప్పు, కాగితం రాయించు. దాన్ని న్యాయ సేవాధికార సంస్థకు పంపడం జైలు వాళ్ళ పని. 2024 అక్టోబరులో సుహాస్ చక్మా కేసులో ఖైదీలందరికీ ఈ సహాయం నిజంగా అందేలా చూడమని సుప్రీంకోర్టు ఆదేశాలిచ్చింది కూడా.

నాలుగో మెట్టు: ప్లీడరు వచ్చాక

2022 నుంచి లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ అనే పద్ధతి వచ్చింది. చీఫ్, డిప్యూటీ, అసిస్టెంటు అని పూర్తి కాలం జీతం మీద పనిచేసే ప్లీడర్లు, ముద్దాయిల తరఫున క్రిమినల్ కేసులే చూస్తారు. సొంత ప్రాక్టీసు చేసుకోకూడదు. చీఫ్‌గా ఉండాలంటే కనీసం పదేళ్ళ అనుభవం కావాలి. పాత పద్ధతిలో ప్యానల్ ప్లీడర్లు తమ సొంత కేసుల మధ్యలో వీటిని చూసేవాళ్ళు, ఫీజు చాలా తక్కువ. కొందరు ఎంత శ్రద్ధగా చేసేవారో, కొందరు వాయిదాకి జూనియర్ని పంపి ఎలా చేతులు దులుపుకునేవారో రెండూ చూశాను. కొత్త పద్ధతి మేలైనదనే నా నమ్మకం. ఎందుకంటే ఆ ప్లీడరుకి మీ కేసు పక్కన పెట్టి పరిగెత్తాల్సిన సొంత కేసు లేదు. ఇప్పటికీ కొన్ని కేసుల్లో ప్యానల్ ప్లీడర్లే వస్తారు.

ఎవరొచ్చినా మొదట వకాల్తా మీద, అంటే నా తరఫున వాదించమని ప్లీడరుకిచ్చే కాగితం మీద, సంతకం కావాలి. జైల్లో ఉన్నవాళ్ళ సంతకాన్ని జైలు అధికారి ధ్రువీకరిస్తారు. తర్వాత ఆ ప్లీడరు పేరు, ఫోను నంబరు, వాయిదా తేదీ ఒక చిన్న పుస్తకంలో రాసుకోండి. ఫోన్లో ఈ-కోర్ట్స్ యాప్ వేసుకుని కేసుకిచ్చే సీఎన్ఆర్ నంబరు (అక్షరాలూ అంకెలూ కలిపి పదహారు) కొడితే తర్వాతి వాయిదా మీకే కనిపిస్తుంది. ప్లీడరుకి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. చెరువు ఆసామి జీతం బాకీ ఉన్నాడా, అంతకుముందు గట్టు తగాదా ఉందా, ఆ రాత్రి మీవాడు ఎక్కడున్నాడో చూసినవాళ్ళెవరు. ఇంట్లో సిగ్గుపడి దాచిన సంగతే చాలాసార్లు కేసుకి ప్రాణం.

డబ్బు విషయం. కోర్టు ఫీజు, టైపు ఖర్చు, కాపీల ఖర్చు అన్నీ న్యాయ సేవాధికార సంస్థే పెట్టుకుంటుంది. నియమించిన ప్లీడరు మీ దగ్గర ఒక్క రూపాయి కూడా తీసుకోకూడదు. ‘గుమాస్తాకి’, ‘జిరాక్సులకి’ అని అడిగినా సరే. అడిగితే కార్యదర్శి గారికి కాగితం పెట్టండి. వాయిదాలకు రాకపోయినా, ఫోను ఎత్తకపోయినా కారణం రాసి వేరే ప్లీడర్ని ఇమ్మని అడగొచ్చు. అలా రాస్తే జడ్జి గారికి కోపం వస్తుందేమోనని భయపడతారు మన వాళ్ళు. రాదు. నేను బెంచి దగ్గరే కూర్చున్నవాణ్ణి, నా మాట నమ్మండి.

హత్య లాంటి పెద్ద కేసులకు ఇంకో రక్ష ఉంది. యావజ్జీవం గానీ మరణశిక్ష గానీ పడే అవకాశమున్న కేసులో కోర్టు నియమించే వకీలుకి కనీసం పదేళ్ళ అనుభవం ఉండాలని, కేసు చదువుకోడానికి మామూలుగా కనీసం ఏడు రోజులైనా ఇవ్వాలని 2019లో అనోఖీలాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ప్లీడర్ని ఈ రోజు పెట్టి ఈ రోజే సాక్షుల్ని విచారిస్తుంటే గడువు అడగండి.

ఐదో మెట్టు: బెయిలొచ్చింది, జామీనుదారు లేడు

బెయిలు ఆర్డరు చేతికొచ్చినా మనిషి ఇంటికి రాని రోజులుంటాయి. ఇద్దరు జామీనుదారులు కావాలంటారు. ఇంటి పన్ను రసీదో, పట్టాదారు పాస్‌బుక్కో, ఆధారో పట్టుకుని కోర్టుకు రావాలంటారు. పోరంబోకు గట్టు మీద గుడిసె వేసుకున్నవాడికి పాస్‌బుక్కున్న చుట్టం ఎక్కడుంటాడు? ఉన్నా, కోర్టు బోనెక్కడానికి ఎందుకొస్తాడు? ఈ సందులోనే డబ్బు తీసుకుని జామీను పడే మనుషులు కోర్టు బయట తయారవుతారు. వాళ్ళ జోలికి పోకండి. కాగితాలు దొంగవని తేలితే బెయిలు రద్దవడమే కాక కొత్త కేసు మెడకు చుట్టుకుంటుంది.

మధ్యప్రదేశ్‌లో మోతీరాం అనే మేస్త్రీకి బెయిలిచ్చి పదివేల జామీను అడిగారు. తోడబుట్టినవాడు జామీను పడతానంటే, ఆస్తి వేరే జిల్లాలో ఉందని మేజిస్ట్రేటు ఒప్పుకోలేదు. 1978లో సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ ఆ ఆర్డరు తప్పన్నారు. పేదవాడి స్తోమతకి మించిన జామీను అడగకూడదనీ, వేరే జిల్లావాడని జామీనుదారుని తోసెయ్యకూడదనీ తీర్పిచ్చారు. జిల్లాలు ముక్కలయ్యాక మనకు ఇది మరీ అవసరం. కేసు కాకినాడలో, మేనమామ పొలం రావులపాలెంలో ఉంటే ‘వేరే జిల్లా’ అనే అభ్యంతరం రావచ్చు. వస్తే మీ ప్లీడరుకి ‘మోతీరాం తీర్పు చూడండి సార్’ అని గుర్తుచెయ్యండి.

2023 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలు కూడా తెలుసుకోండి. బెయిలు వచ్చిన ఏడు రోజుల్లో ముద్దాయి విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంటు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు తెలియజెయ్యాలి. వాళ్ళు మనిషిని పంపి కారణం కనుక్కోవాలి. నెల లోపల జామీను పడకపోతే షరతులు తగ్గించే విషయం కోర్టు తనంతట తానే చూడొచ్చు. డబ్బు కట్టలేకే లోపల ఉండిపోయిన విచారణ ఖైదీలకు 2023లో కేంద్రం పెట్టిన పథకం కింద సాయం దొరికే వీలుంది, దానికీ ఆ సంస్థ ద్వారానే వెళ్ళాలి. ఇవేవీ వాటంతటవి జరుగుతాయని కూర్చోకండి. ఎనిమిదో రోజు పొద్దున్న ఆఫీసుకెళ్ళి, బెయిలు ఆర్డరు తేదీ చూపించి అడగండి.

క్యాలెండరు మీద గుర్తు పెట్టాల్సిన రోజులు

రిమాండు అయిన రోజునే ఒకటిగా లెక్కపెట్టండి. పదేళ్ళకు తక్కువ శిక్ష ఉండే మామూలు కేసుల్లో 60 రోజులు, పదేళ్ళు ఆ పైన గానీ యావజ్జీవం గానీ మరణశిక్ష గానీ ఉండే కేసుల్లో 90 రోజులు. ఈ లోపల పోలీసులు చార్జిషీటు వెయ్యకపోతే బెయిలు హక్కుగా వస్తుంది. గంజాయి పెద్ద మొత్తం కేసుల్లాంటి వాటికి గడువు వేరు, 180 రోజులు. ఇందులో ఒక మెలిక ఉంది: గడువు దాటాక మీరు అడిగేలోపు చార్జిషీటు పడితే ఆ హక్కు పోతుంది. అందుకని గడువుకి మూడు రోజుల ముందు నుంచే ప్లీడరుకి ఫోను చేస్తూ ఉండండి. నోటితో అడిగినా చాలని 2017లో రాకేశ్ కుమార్ పాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

కేసు సాగిపోతుంటే ఇంకో లెక్క. ఆ నేరానికున్న గరిష్ఠ శిక్షలో సగం కాలం విచారణ ఖైదీగా గడిపినవాణ్ణి, అంతకుముందు ఏ కేసులోనూ శిక్ష పడనివాడైతే మూడో వంతు గడిపినవాణ్ణి వదలాలని 479వ సెక్షను. యావజ్జీవం, మరణశిక్ష కేసులకు ఇది వర్తించదు. మనిషి మీద ఒకటికి మించి కేసులుంటే కూడా కష్టమే.

చార్జిషీటు వేశాక దాని నకలు, సాక్షుల వాంగ్మూలాలు ముద్దాయికి ఉచితంగా ఇవ్వాలి. కోర్టుకు హాజరైన పద్నాలుగు రోజుల్లోపే. అవి ఇంట్లో బియ్యం డబ్బాలో దాచెయ్యకుండా ఒక సెట్టు జిరాక్సు తీసి ప్లీడరుకి ఇవ్వండి.

ఆఖరి మెట్టు: శిక్ష పడితే

ప్లీడరు హక్కు తీర్పుతో ఆగదు, అప్పీలుకీ ఉంటుంది. 1978లో హోస్కోట్ కేసులో సుప్రీంకోర్టు ఈ మాట చెప్పింది. మేజిస్ట్రేటు కోర్టులో శిక్ష పడితే సెషన్స్ కోర్టుకు 30 రోజుల్లో, సెషన్స్ కోర్టులో పడితే హైకోర్టుకు 60 రోజుల్లో అప్పీలు వెయ్యాలి. మరణశిక్షయితే 30 రోజులే. హైకోర్టు అమరావతి నేలపాడులో ఉంది, అక్కడ హైకోర్టు న్యాయ సేవల కమిటీ ఉంది. మీరు అంత దూరం వెళ్ళనక్కర్లేదు. జైల్లోంచే సూపరింటెండెంటు ద్వారా జైలు అప్పీలు పంపొచ్చు, కమిటీ ప్లీడర్ని పెడుతుంది. గడువు దాటితే ఆలస్యానికి కారణం చెప్పి మన్నించమని పిటిషను వెయ్యొచ్చు, కానీ అది కోర్టు దయ.

ముద్దాయి బెయిలు మీద బయట ఉండి, పడిన శిక్ష మూడేళ్ళు మించకపోతే, అప్పీలు వేసుకునేదాకా శిక్ష ఆపి బెయిలివ్వమని తీర్పు చెప్పిన కోర్టునే ఆ రోజే అడగొచ్చు. తీర్పు రోజున ప్లీడరు తప్పకుండా ఉండేలా ముందు రోజు సాయంత్రమే ఫోను చేసి కనుక్కోండి. జైలు శిక్ష పడితే తీర్పు నకలు అక్కడికక్కడే ఉచితంగా ఇవ్వాలని చట్టం. అడిగి, చేతిలోకి తీసుకుని, అప్పుడు జీపు ఎక్కమని మీవాడికి చెప్పండి.